కంచంలో పాళ్లు
పాఠకుల ప్రశ్నలు, ఆహార నిపుణుల జవాబులు

పాతకాలం తిండి, పప్పు-కూరల తిండి, షుగరు, బీపీ... వీటి చుట్టూ విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో పదిమందికీ పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం. రోజూ మందులు వేసుకునేవాళ్లు తిండిలో పెద్ద మార్పు చేసేముందు తమ డాక్టరు చెవిన ఒక మాట వేయాలి.

మా తాతగారు మూడు పూటలా అన్నమే తిని తొంభై దాటి బతికారు. నాకు 51 ఏళ్లు, షుగరు వచ్చి మూడేళ్లయింది. పాతకాలం తిండికి మళ్లితే చాలు, అదే తగ్గిపోతుందంటున్నారు. నిజమేనా?
– వి.ఎస్., పటమట, విజయవాడ

పాతకాలం అంటే ఏ కాలం, ఎవరి ఇల్లు అన్నది ముందు తేలాలి. మన కోస్తాలో మిల్లులు వచ్చాక, తెల్లగా పట్టించిన పచ్చిబియ్యం వండుకుని పచ్చడి మెతుకులతో సరిపెట్టుకున్న ఇళ్లను బెరిబెరి (నరాలు, గుండె దెబ్బతినే జబ్బు) పట్టుకుంది. తవుడుతో పాటే థయమిన్ (బి1 విటమిన్) పోయేది. మిగిలిన కాస్తా కడుగునీళ్లలోనో వార్చిన గంజిలోనో పోయేది. ఒకప్పటి ఉత్తర సర్కారు జిల్లాలకు ఈ జబ్బు విషయంలో పెద్ద పేరే ఉండేది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో మాత్రం అది అంతగా కనబడలేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు బి1 గింజ లోపలికి దిగిపోతుంది, మర పట్టినా అంతగా పోదు. ఇవాళ హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే 1918లో కూనూరులో, బెరిబెరి పరిశోధన విభాగంగా. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. కాబట్టి పాతదంతా బంగారం కాదు.

బాగున్న పాత కంచం ఒకటుంది. అన్నంతో పాటు పప్పో పులుసో, ఏదో ఒక ఆకుకూర, పెరట్లో పాదుకు కాసిన కాయ, చివర మజ్జిగ. మధ్యలో బజ్జీలు, బేకరీ తిళ్లు లేవు. పైగా తిన్న అన్నం పొలంలో చెమటై పోయేది. ఇవాళ మన కంచంలో అన్నం ఎంత ఉందో అంతే ఉంది, దాని చుట్టూ ఉన్నవే పలచబడ్డాయి.

ఎంత పలచబడ్డాయో ఒక్క రోజు తూచి చూడండి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మి.లీ., అందులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. మధ్యాహ్నం ఒక్కరే ఆ కప్పుడు బియ్యం అన్నం తింటే 115 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లినట్టే. నలుగురికి పప్పని చిన్న టీ గ్లాసుడు కందిపప్పు వేస్తారు. అది 85 గ్రాములు, తలా 21 గ్రాములు. పావుకిలో దొండకాయలు వేయిస్తే తలా 60 గ్రాములు, వేగాక అదీ సగానికి దిగుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 2,000 కేలరీలు కావలసిన మనిషికి చెప్పే లెక్క ఇది: తిండిగింజలు 250 గ్రా., పప్పుధాన్యాలు 85 గ్రా., ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రా., పండ్లు 100 గ్రా., పాలు లేదా పెరుగు 300 మి.లీ., పల్లీలు, నువ్వుల వంటివి 35 గ్రా., నూనె 27 గ్రా. అంటే నలుగురున్న ఇంట్లో రోజుకు పప్పులు 340 గ్రాములు, కూరగాయలు కిలోన్నర పైనే. రైతుబజారు సంచీ ఎంత బరువుండాలో దీన్నిబట్టి చూసుకోండి.

మీకు పనికొచ్చే ఒక రోజు ఇలా ఉండొచ్చు. పొద్దున రెండు పెసరట్లు, పొట్టు పెసలు 65 గ్రాములతో. నాలుగైదు గంటలు నానితే చాలు, పులియనక్కర్లేదు. బియ్యం కలిపితే ఒక చెంచా, అంతకు మించొద్దు. ఉప్మా పెట్టారంటే పెసరట్టు వేసిన ఫలం పోయింది. అల్లప్పచ్చడిలో బెల్లం ఉంటుంది, మీరు కొబ్బరి పచ్చడో పల్లీ పచ్చడో వేసుకోండి. మధ్యాహ్నం బియ్యం 60 గ్రాములు (కుక్కర్ కప్పులో సగానికి కాస్త తక్కువ), 30 గ్రాముల కందిపప్పులో 100 గ్రాముల తోటకూరో చుక్కకూరో వేసిన పప్పు, 150 గ్రాముల కూర, ఓ గ్లాసు పెరుగు. కూర, పప్పు సగం తిన్నాక అన్నం కలుపుకోండి. ఈ వరుసలో తింటే భోజనం తర్వాత షుగరు అంత ఎత్తుకు వెళ్లదు. రాత్రి ఒక జొన్నరొట్టె, గిన్నెడు అలసందల కూర, వంకాయో బీరకాయో.

ఇది ఎక్కడ తప్పుతుందంటే, మొదట పప్పులో. పప్పు పెంచామంటారు, చూస్తే పప్పుచారు. గరిటె అడుగుదాకా దించితే తప్ప అందులో పప్పు తగలదు. ముద్దగా ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. రెండోది నూనె. అన్నం తగ్గిన ఆకలి వేపుళ్ల మీదకు మళ్లుతుంది. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా నెల తిరక్కుండానే ఖాళీ అవుతుంటే కారణం వెతకాల్సింది మూకుడులోనే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ అన్నం సగానికి తగ్గిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లు తాగాలి, తర్వాత డాక్టరుకు చెప్పి మందు మోతాదు సరిచూసుకోవాలి. మార్చిన మొదటి రెండు వారాలు పరగడుపున, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు పరీక్ష చేసుకుని రాసి పెట్టుకోండి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) చూస్తే తిండి ఎంత పనిచేసిందో తెలుస్తుంది. తగ్గే అవకాశం బాగానే ఉంది, బరువు కూడా తగ్గితే ఇంకా ఉంది. మందు మానడం మాత్రం మీ అంతట మీరు చేయకండి.

బీపీ ఉంది. ఊరగాయ మానేయమన్నారు. ఆవకాయ లేకుండా అన్నం ఎలా తినాలి?
– కె.ఆర్., బ్రాడీపేట, గుంటూరు

పూర్తిగా మానేయమని మేం అనం. లెక్క మాత్రం చూడండి. కిలో మామిడి ముక్కలకు ఆవపిండి, కారం, ఉప్పు తలా 200 గ్రాములు, నూనె 400 గ్రాములు వేశారనుకుందాం. జాడీలో మొత్తం రెండు కిలోలు, అందులో పదో వంతు ఉప్పు. నిండు చెంచా ఆవకాయ 20 గ్రాములుంటే రెండు గ్రాములు ఉప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పేది ఐదు గ్రాముల లోపు. రెండు పూటలా చెంచా చెంచా వేసుకుంటే నాలుగు గ్రాములు అక్కడే అయిపోయాయి. ఇక పప్పులో, కూరలో, పెరుగన్నంలో పడ్డదంతా అదనం.

కొందరు కలిపేటప్పుడే ఉప్పు సగం తగ్గిస్తారు. అది పొరపాటు. ఉప్పు తగ్గితే ముక్క మెత్తబడుతుంది, బూజు పడుతుంది, జాడీ అంతా పారబోయాలి. ఊరగాయలో ఉప్పు అలాగే ఉంచి చెంచా చిన్నది చేయండి. టీ చెంచాడు, ఐదు గ్రాములు చాలు. ముద్దపప్పు, ఆవకాయ కలుపుకునే రోజు పప్పులో ఉప్పు అసలు వేయకండి, ఆవకాయ ఉప్పే సరిపోతుంది. మజ్జిగలోనూ అంతే. చల్ల మిరపకాయలు, వడియాలు, అప్పడాలు కూడా ఉప్పు మూటలే, ఆ సంగతి చాలామందికి గుర్తుండదు. ఊరగాయలు కాకుండా నలుగురికి నెలకు 600 గ్రాములకు మించి ఉప్పు ఖర్చవుతోందంటే ఎక్కువ వాడుతున్నట్టే.

నాలుకకు పదును కావాలంటే రోటిపచ్చడి ఉండనే ఉంది. ఊరగాయలో ముక్క తక్కువ, ఉప్పు ఎక్కువ. రోటిపచ్చడిలో కూరగాయే ఎక్కువ. బీరకాయ పచ్చడి సంగతే చూడండి. నలుగురికి లేత బీరకాయలు అరకిలో. గట్టి అంచులు మాత్రం తీసి చెక్కుతోనే ముక్కలు కోయండి. కోసే ముందు ప్రతి కాయా చివర ముక్క కొరికి చూడాలి. చేదుగా ఉంటే ఆ కాయను మొత్తంగా పారేయాలి. ఆ చేదు పదార్థం వాంతులు, విరేచనాలు పట్టిస్తుంది, వండినా పోదు. ఆరు పచ్చిమిరపకాయలు, రెండు చెంచాల నువ్వులు, అర చెంచా జీలకర్ర రెండు చెంచాల నూనెలో వేయించి పక్కన పెట్టి, అదే మూకుట్లో ముక్కలు మూత పెట్టకుండా మగ్గించండి. మూత పెడితే నీళ్లూరి పచ్చడి జారుగా వస్తుంది. ఉసిరికాయంత చింతపండు, ముప్పావు చెంచా ఉప్పు వేసి ముందు మిరపకాయలు, నువ్వులు నూరి, చివర్లో ముక్కలు వేసి కచ్చాపచ్చాగా నూరాలి. మిక్సీ అయితే రెండు తిప్పులు తిప్పి ఆపేయండి, ఆపై తిప్పితే చట్నీ అయిపోతుంది. ముప్పావు చెంచా అంటే నాలుగు గ్రాములు, తలా ఒక గ్రాము ఉప్పు. దానితో పాటు కడుపులోకి 120 గ్రాముల కూరగాయ.

సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేవాటిలో పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటివి వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా దాని జోలికి పోవద్దు.

ఆరు నెలలుగా ఇంటిల్లిపాదీ కొర్రలు, రాగులు, జొన్నలే తింటున్నాం. మావారికి షుగరు మాత్రం తగ్గలేదు. కడుపుబ్బరం అదనం. ఎందుకని?
– పి.డి., అరండల్‌పేట, గుంటూరు

అమ్మా, గింజ మారింది గానీ కొలత మారి ఉండదు. వంద గ్రాముల పచ్చిబియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములుంటే, జొన్నల్లోనూ రాగుల్లోనూ 67 గ్రాముల దాకా ఉంటుంది. తేడా పీచులో ఉంది: బియ్యంలో మూడు గ్రాముల లోపు, జొన్నల్లో పది, రాగుల్లో పదకొండు. మేలు ఉంది, కాదనలేం. కానీ ఇది మంచిదే కదా అని కొర్రన్నం రెండుసార్లు వడ్డించుకుంటే వచ్చిన మేలు వచ్చినట్టే పోతుంది. షుగరు మీద భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా చేయించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ఆహార ఫలితాలు 2025లో వచ్చాయి. మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవే. మొత్తం పిండిపదార్థం తగ్గకుండా తెల్లబియ్యం బదులు చిరుధాన్యాలో గోధుమలో తిన్నందువల్ల షుగరు ముప్పు తగ్గినట్టు కనబడలేదు. పిండిపదార్థంలో కొంత తీసేసి ఆ చోట పప్పులు, పాలు-పెరుగుల మాంసకృత్తులు పెట్టిన లెక్కలోనే ముప్పు తక్కువ కనబడింది. చిరుధాన్యాల ప్రచారంలో ఈ సగం మాట వినబడదు.

వండే తీరు కూడా చూసుకోండి. రాగిపిండి మెత్తగా పట్టించి జావ కాచి, వడగట్టి తాగితే అది గటగటా దిగి గబగబా షుగరు పెంచుతుంది. అదే పిండి రొట్టెగానో సంకటిగానో చేసి పప్పుతో తింటే అంత వేగం ఉండదు. కొట్లో కొర్రలు తెల్లగా మెరుస్తుంటే పాలిష్ పట్టినవే, పీచు పోయినట్టు. పాలిష్ లేనివి పసుప్పచ్చగా, కాస్త మురికిగా కనబడతాయి. మనిషికి 50 గ్రాములు కొలిచి, ఆరు గంటలు నానబెట్టి, ఒకటికి మూడు వంతుల నీళ్లతో వండండి. ఉబ్బరానికి కారణం ఒక్కసారిగా మూడు పూటలకూ మార్చడం. రెండు వారాలు రోజుకు ఒక్క పూటే తిని, తర్వాత రెండో పూట కలపండి, నీళ్లు బాగా తాగండి. ఇంట్లో థైరాయిడ్ ఉన్నవాళ్లు ఉంటే రోజూ సజ్జలే వండకుండా మారుస్తూ ఉండాలి, అయోడిన్ ఉప్పే వాడాలి.

కిడ్నీలో రాయి. పాలు, టమాటా, ఆకుకూరలు అన్నీ మానేయమన్నారు. మరి ఏం తినాలి?
– జె.ఎన్., మంగళగిరి

పాలు, పెరుగు మానొద్దు. రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటువే. తిండితో పాటు కాల్షియం కడుపులోకి వెళ్తే, అక్కడే ఆక్సలేటును పట్టుకుని విరేచనంలో బయటికి పంపేస్తుంది. కాల్షియం మానేస్తే ఆక్సలేటు రక్తంలోకి, అక్కణ్నుంచి కిడ్నీలోకి పోతుంది. ఆకుకూర వండిన పూటే పెరుగు తినండి.

టమాటాలో ఆక్సలేటు తక్కువ, దాన్ని అనవసరంగా ఆడిపోసుకుంటారు. అసలు ఎక్కువున్నవి పాలకూర, తోటకూర, బచ్చలి. మెంతికూర ఫర్వాలేదు. తోటకూర తినాలనిపిస్తే పావుకిలో ఆకు తరిగి లీటరు మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, ఆకు పిండి పప్పులో వేయండి. కుక్కర్లో పప్పుతో కలిపి ఉడికిస్తే ఆక్సలేటంతా అందులోనే ఉండిపోతుంది. ఉప్పు తగ్గించడం కూడా ముఖ్యమే. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. రోజుకు రెండు లీటర్లకు పైగా మూత్రం రావాలి. బెజవాడ, గుంటూరు ఎండల్లో అందుకు మూడు, మూడున్నర లీటర్ల నీళ్లయినా పడతాయి. మూత్రం లేత నిమ్మరసం రంగులో ఉంటే సరిపోయినట్టు. రాయి పడితే పారేయకుండా పరీక్షకు ఇవ్వండి. యూరిక్ యాసిడ్ రాయి అయితే పథ్యం వేరు.

మధ్యధరా తిండి గుండెకు మంచిదని మా అబ్బాయి అమెరికా నుంచి ఆలివ్ నూనె పంపుతున్నాడు. పప్పునూనె (నువ్వుల నూనె) మానేయాలా?
– ఎస్.ఎల్., బెంజ్ సర్కిల్, విజయవాడ

అక్కర్లేదు. దీనికి పెద్ద ఆధారం స్పెయిన్‌లో 7,447 మంది మీద జరిగిన ప్రెడిమెడ్ పరిశోధన. 2013లో వచ్చింది. మనుషుల్ని గుంపులుగా విడదీయడంలో కొన్ని చోట్ల లోపాలు దొర్లాయని తేలడంతో వెనక్కి తీసుకుని, 2018లో లెక్కలు సరిచేసి మళ్లీ ప్రచురించారు. ఫలితం పెద్దగా మారలేదు. గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు 30 శాతం తక్కువ. ఒక గుంపుకు ఆలివ్ నూనె ఇచ్చారు, ఇంకో గుంపుకు రోజూ 30 గ్రాముల వాల్‌నట్, బాదం వంటి గింజలు ఇచ్చారు. మేలు రెండు గుంపుల్లోనూ కనబడింది. అంటే ఒక్క సీసాలో లేదు మహిమ. పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలు ఎక్కువ, మాంసం, తీపి తక్కువ అన్న మొత్తం తీరులో ఉంది.

వచ్చిన నూనె వాడుకోండి, కొనడం మాత్రం అక్కర్లేదు. పప్పునూనె, వేరుశెనగ నూనె మార్చి మార్చి వాడండి. గుప్పెడు వేయించిన పల్లీలు 30 గ్రాములు వస్తాయి, ఉప్పు వేయనివి. వేపుడు చేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దు, వనస్పతి వద్దు.

మేం శాకాహారులం. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. చద్దన్నంలో బి12 పుష్కలంగా ఉంటుందని రోజూ తింటున్నాను. సరిపోతుందా?
– ఆర్.కె., సత్యనారాయణపురం, విజయవాడ

సరిపోదు. చద్దన్నం కడుపుకు హాయే గానీ బి12కు దాన్ని నమ్ముకోవద్దు. ఆకుల్లో, గింజల్లో బి12 ఉండదు. మీకు దొరికేది పాలు, పెరుగుల్లోనే. ఆవుపాలు 300 మి.లీ.లో ఒకటిన్నర మైక్రోగ్రాము లోపే వస్తుంది, పెద్దవాళ్లకు రోజుకు 2.2 కావాలి. మజ్జిగ పలచన చేసి తాగితే అదీ రాదు. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతుంటే ఒంటికి పట్టే బి12 ఇంకా తగ్గుతుంది. తిమ్మిరి మొదలైంది కాబట్టి తిండితో ప్రయోగాలు చేస్తూ కూర్చోకుండా ఈ వారమే రక్తపరీక్ష చేయించండి. తక్కువుంటే మాత్రలో ఇంజెక్షన్లో తప్పవు. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

గుండె కవాటం ఆపరేషన్ తర్వాత రక్తం పలచబడే మందు వాడుతున్నాను. గోంగూర తినొచ్చా?
– ఎం.బి., తెనాలి

వార్ఫరినో ఎసినోకౌమరాలో అయితే తినొచ్చు, ఏ వారమైనా ఒకే మోతాదులో. ఆకుకూరల్లో ఉండే కె విటమిన్ ఆ మందు పనిని తగ్గిస్తుంది. వారమంతా ఏమీ తినకుండా ఆదివారం గోంగూర పప్పు, తోటకూర వేపుడు కలిపి లాగిస్తేనే చిక్కు. వారానికి మూడుసార్లు తినే అలవాటుంటే అలాగే ఉంచి, ఐ.ఎన్.ఆర్. (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే) పరీక్ష చేసే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

ఉలవచారు మంచి బలం అంటారు. వారానికెన్నిసార్లు తాగొచ్చు?
– టి.వి., గుడివాడ

ఉలవల్లో వందకు 22 గ్రాముల దాకా మాంసకృత్తులున్నాయి. కానీ ఉలవకట్టు వార్చి చారు కాచుకుని, ఉడికిన ఉలవల్ని పశువులకు పెట్టడం మన పద్ధతి. బలం చాలావరకు గొడ్ల చావిట్లోకి పోయినట్టే. హోటల్లో దాని మీద మీగడ, వెన్న. చారు రుచికి తాగండి, ఉలవల్ని మాత్రం వదలకండి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు మార్చి, కుక్కర్లో ఆరేడు కూతలు రానిచ్చి, చారుకు కాస్త కట్టు తీసుకున్నాక మిగిలిన గింజలకు ఎండుమిరపకాయ, కరివేపాకు, ఉల్లిపాయ తాలింపు పెడితే గుగ్గిళ్లు. మనిషికి 40 గ్రాముల ఉలవలు లెక్కన వారానికి రెండుమూడుసార్లు సాయంత్రం టిఫినుగా సరిపోతాయి. గింజ వేలితో నొక్కితే నలగాలి. నలక్కపోతే ఇంకో రెండు కూతలు రానివ్వండి, లేకపోతే రాత్రంతా కడుపునొప్పి.